ఇంజన్‌కేం కాలేదు గద

"మూత తీసి నీళ్లు పొయ్యి. గంతే. దానికి గింత లొల్లేంది?" అన్నాడు మా ఆయన నర్సన్న, మస్కట్ నుంచి ఫోన్‌లో. కథలాపూర్ నుంచి కూరగాయల లోడుతో కోరుట్ల మార్కెట్‌కు పోతుంటే మా పాత ట్రాలీ ఆటో వేడెక్కి దారిలో ఆగిపోయింది. ఆయన చెప్పాడని రేడియేటర్ మూత తిప్పాను. మరిగిన నీళ్లు ఎగజిమ్మి ముంజేయి కాలింది. నా అరుపు ఆయన విన్నాడు. విని ఏమడిగాడో తెలుసా? "ఇంజన్‌కేం కాలేదు గద?"

చేతికి మందు రాసుకుంటూ వారం రోజులు ఆ మాటే తలుచుకున్నాను. ఆయన మస్కట్ పోయి నాలుగేళ్లు. పొద్దున వంట, బిడ్డ బడి, అత్తమ్మ మందులు అయ్యాక ఈ బండి నడిపి ఇల్లు నెట్టుకొస్తున్నది నేను. ఊళ్లో మాత్రం అది నర్సన్న బండి. మా అత్తమ్మ రుక్కమ్మకైతే బండి నడపడం పనే కాదు. "పొద్దంత బండ్ల కూసునుడే గదనే, నడుమెందుకు నొస్తది?" అంటుంది. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం ఆయన నేర్పిందే. అవి తుప్పు రంగుకు తిరిగాయని రెండు నెలలుగా చెబితే "నీకేం తెల్సు" అన్నాడు. సీటు కింద పడి ఉన్న బండి పుస్తకం తీసి, నా ఇంటర్ ఇంగ్లీషుతో కూడబలుక్కుంటూ చదివాను. ఉత్త నీళ్లు కాదు, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ కలిపి పోయాలట. దాన్ని రంగు చూసి కొనొద్దట. రాసిన రకమే వాడాలట, పాతదాని మీద కొత్తది పోయొద్దట. ఇన్నేళ్లూ ఆ పుస్తకం మీదే కూర్చుని ఆయన్ని అడిగాను!

చెయ్యి కాస్త మానాక ఆపి ఆపి నడుపుతూ కోరుట్లలో మెకానిక్ శంకరయ్య దగ్గరికి పోయాను.

"అమృతక్కా, మీ ఆయనకు ఫోన్ గలుపు. ఆయనతోని మాట్లాడ్త."

"బండి నడిపేది నేను. నాతోని మాట్లాడు."

"గిది ఆడోళ్లకు సమజ్ గాదక్కా. నా తాన పచ్చ కూలెంట్ ఉన్నది, పైనకెల్లి పోస్త, తీస్కపో."

పుస్తకం చూపిస్తే చూడనేలేదు. పక్కనున్న ఇద్దరు మగవాళ్లు నవ్వారు. ఒళ్లు మండిపోయింది. స్పేర్ పార్ట్స్ దుకాణంలో పుస్తకంలోని రకమే అడిగి కొన్నాను, కలపడానికి డిస్టిల్డ్ వాటర్‌తో సహా.

మర్నాడు, చల్లారిన ఇంజన్ కింద టబ్బు పెట్టి రేడియేటర్ అడుగున ఉన్న ప్లగ్ విప్పాను. బురదలాంటి నీళ్లు కారాయి. మేకలు మూతి పెట్టకుండా వాటిని క్యాన్‌లో పోసి బిగించాను. తేట నీళ్లు వచ్చేదాకా మూడుసార్లు కడిగి, ప్లగ్ బిగించి, కూలెంట్ సగం, నీళ్లు సగం కలిపి నింపాను. మూత పెట్టకుండా ఇంజన్ నడిపితే బుడగలు పోయి మట్టం దిగింది. మళ్లీ నింపి మూత బిగించాను.

"మొగోని పని నీకెందుకే? కరాబైతే వాడు నిన్నే అంటడు," అంది అత్తమ్మ గడపలోంచి.

మండే ఎండలో, నిండు లోడుతో కోరుట్ల పోయి వచ్చాను. వేడి చూపే ముల్లు సగం దాటలేదు.

శుక్రవారం ఆయన వీడియో కాల్ చేశాడు. "బండి మంచిగనే చేసినవట గద, అవ్వ చెప్పింది," అని నవ్వాడు. "ఇగ నీకు తిప్పలుండది తియ్. అచ్చే నెల అచ్చేస్తున్న. బండి నేను నడుపుత, నువ్వు ఇంట్ల ఉండు."

అత్తమ్మ పక్కనే ఉంది. నేను గొంతు పెంచలేదు.

"రా. అన్నం వండుడు, బిడ్డను బడికి తయారు జేసుడు, మీ అవ్వకు ఏ గోలి ఎప్పుడియ్యాల్నో, అన్నీ నేర్పిస్త. బండి మీద మాత్రం నేనే పోత."