తెర మీద తాళాలు

గిద్దలూరు రైలు స్టేషను వెనక డేరా సినిమా వేసినప్పుడల్లా ఎలీషబా చేనుపని ముగించుకొని, జొన్నరొట్టెలు గుడ్డలో మూటగట్టుకొని, మొగుడు శాంతయ్యను వెంటబెట్టుకొని పోయి ముందర ఇసకలో కూర్చునేది.

ఆ ఏడు మద్రాసు నుంచి వచ్చిన బొమ్మలో కథ లేదు. పెండ్లి బంతికి కూర్చున్నంతమంది దొరలు నల్లకోట్లు తొడుక్కొని వాయిస్తారు. పాటకూ పాటకూ మధ్య ఒక్కొక్కరే ముందుకొచ్చి తమ కష్టసుఖాలు చెప్పుకుంటారు. మద్రాసులో ఇంగ్లీషులో చెప్పినారంట. గిద్దలూరికొచ్చేసరికి మన మాటే మాట్లాడినారు. పెద్ద ఫిడేలు దొర తన నడుంనొప్పి సంగతి చెబితే ఇసకలో కూర్చున్న విజయమ్మ, "వావిలాకుతో కాపడం పెట్టుకో నాయనా" అనింది. ఆయన సరేనన్నాడు.

శాంతయ్యకు మాత్రం బొమ్మ మీద మనసు లేదు. ఆదివారం చర్చిలో కోతపండగ. పాటల మేళంలో తాళాలు కొట్టే పని ఆయనది, వాళ్ల నాయన నుంచి వచ్చింది. పల్లవి తిరిగొచ్చే కాడ ఒక్కటి కొట్టమంటే, మొదటినుంచి ఎడాపెడా వాయించేస్తాడు. ఎలీషబా చెవుల్లో దూది పెట్టుకొని పాటకొచ్చేది.

"ఈసారి తప్పితే తాళాలు మా అల్లునికిస్తా" అని మొన్ననే అన్నాడు మేళం పెద్ద గిద్యోను.

"ఊరకే నిలబడేది ఎట్ల మామా? కూలికి పోయి గట్టున కూర్చున్నట్టుండదా?" అని శాంతయ్య బాధ. పుట్టినకాడినుంచి కూలిపని. చేతులు ఆగితే దొంగతనం చేసినట్టుంటుంది.

తెర మీదా ఒక తాళాల దొర ఉండాడు. పాటంతా చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుని, చివర్న లేచి ఒక్కటి కొడతాడు.

"ఏందయ్యా ఆ సోమరితనం!" అని జనం కేకలేసినారు.

తన వంతు వచ్చినప్పుడు ఆయన చెమట తుడుచుకున్నాడు. "కొట్టేది కష్టం కాదమ్మా, కొట్టకుండా ఉండేదే కష్టం. ఒక్క పాటకు ఎవరన్నా వస్తే నడుం వాలుస్తా."

"మా ఆయన వస్తాడు" అనింది ఎలీషబా.

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు శాంతయ్య.

"పో! ఈడ నేర్చుకోకుంటే ఆదివారం తాళాలు పోతాయి."

శాంతయ్య పంచె దులుపుకొని తెర ఎక్కినాడు. దొర దిగొచ్చి ఎలీషబా పక్కన కూర్చుని రొట్టె తుంచుకున్నాడు. డేరా యజమాని, "తెరకు మట్టి అంటనీయొద్దు" అని మాత్రం అన్నాడు.

పాట మొదలైంది. శాంతయ్య చేతులు ఉలికులికి పడుతున్నాయి.

"మంచె మీద కావలి ఉండావనుకో!" ఎలీషబా అరిచింది. "పిట్ట లేకుండానే కేకేస్తావా?"

ఆ మాట ఆయనకు పట్టింది. మంచె మీద ఊరకుండేవాణ్ని సోమరి అని ఎవురూ అనరు. చెవులు రిక్కించి కాచుకున్నాడు. ఫిడేళ్లన్నీ పిట్టల గుంపు మాదిరి ఒక్కసారి పైకి లేచినాయి. శాంతయ్య లేచి కొట్టినాడు. ఆ గాలికి ముందువరుస తలగుడ్డలు ఎగిరినాయి.

పాటయినాక ఆయన కూడా ముందుకొచ్చి చెప్పుకోవాల్సి వచ్చింది. "నాది ఈ ఊరే. నేను వాయిస్తే నా పెండ్లాం చెవుల్లో దూది పెట్టుకుంటది. నాకు తెలుసు. తెలియనట్టుంటా."

డేరా అంతా నవ్వింది. ఎలీషబా ఒక్కతే నవ్వలేదు.

కోతపండగనాడు శాంతయ్య పల్లవి దాకా కాచుకొని ఒక్కటే కొట్టినాడు. గిద్యోను తిరిగి చూడలేదు. తాళాల కోసం వచ్చిన అల్లుణ్ని మాత్రం కానుకల గుమ్మడికాయలు మోయడానికి పంపించినాడు.

ఇంటికొచ్చి ఎలీషబా కొంగుముడి విప్పి, ఆ పొద్దు చెవుల్లో పెట్టుకోకుండా దాచిన దూదిని నలిపి దీపానికి వత్తి చేసింది.