అడుగున పెట్టిన కార్డు

మా చర్చిలో కొత్త సంవత్సరం వాగ్దానాల కార్డులు పదిహేడేళ్లుగా నేనే రాస్తున్నాను. జనవరి ఒకటి పొద్దున ఆరాధనలో ప్రతి ఒక్కరూ పళ్లెంలోంచి ఒక కార్డు తీసుకుంటారు. దాని మీదున్న వాక్యమే ఆ ఏడాదికి దేవుడు వాళ్లకిచ్చిన మాట. నేను స్కూలు టీచర్ని, దస్తూరీ బాగుంటుంది, అంచున పూలతీగ కూడా వేస్తాను. బైబిల్లోంచి వాక్యాలు ఏరేదీ నేనే. ఏరడమంటే రాళ్లు తీసేసి బియ్యం ఉంచడమే. కాపాడతాను, విడిచిపెట్టను, దీవిస్తాను అనేవి ఉంచేదాన్ని. చంపాడు, కాల్చాడు, భూమి నోరు తెరిచి మింగేసింది అనేవి పక్కన పెట్టేదాన్ని. పదిహేడేళ్లలో ఆ పక్కన పెట్టినవి ఏవని ఎవరూ అడగలేదు. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

కిందటేడు మా ఆయన ఎలీషాకి వచ్చిన కార్డులో ఏ అపాయమూ నీ దగ్గరికి రాదని ఉంది. దాన్ని ఫోను కవరులో పెట్టుకుని తిరిగాడు. ఆగస్టులో, మార్టూరు దగ్గర గ్రానైటు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో, లారీకి ఎక్కిస్తున్న పలక ఒకటి పక్కకి వాలింది. వాలిన పలకను వదిలేసి దూరంగా ఉరకాలని అక్కడ పనిచేసే ప్రతివాడికీ తెలుసు. ఎలీషాకి ఇరవై ఏళ్లుగా తెలుసు. అయినా చెయ్యి చాపాడు. పడిపోయేదాన్ని చూస్తే చెయ్యి దానంతటదే పోతుంది, మంచినీళ్ల గ్లాసైనా అంతే, పసిపిల్లైనా అంతే. ఫోను పగల్లేదు. కార్డు నలగను కూడా లేదు.

అది ఆదివారం. ఆ పొద్దున ఎలీషా చర్చికని తెల్లచొక్కా వేసుకున్నాడు. ఇవాళే లోడు పోవాలని మేస్త్రి రెండుసార్లు ఫోన్ చేశాడు. వెళ్లాలా వద్దా అని తటపటాయిస్తుంటే మా అత్త ఎలీసమ్మే, "పోయిరారా. దేవుడెక్కడికి పోతాడు, వచ్చే ఆదివారం కూడా అక్కడే ఉంటాడు" అంది. చొక్కా మార్చుకుని వెళ్లాడు.

వారానికి మా ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. చావు జరిగిన ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ప్రార్థన అది. మా పాస్టరు పిచ్చయ్యగారు, మేమంతా అయ్యగారంటాం, ఓదార్చడానికి ఉజ్జా కథ ఎంచుకున్నారు. దేవుని మందసాన్ని, అంటే ఆయన ఆజ్ఞలున్న పెట్టెను, ఎడ్లబండి మీద తీసుకుపోతుంటే ఎడ్లు తూలాయి. పెట్టె పడిపోతుందేమోనని ఉజ్జా చెయ్యి చాపి పట్టుకున్నాడు. దేవుడికి కోపం వచ్చి అక్కడికక్కడే చంపేశాడు. పెళ్లైన కొత్తలో ఈ కథ విని ఎలీషా, "ఒంగోలు ఎడ్లను కట్టుంటే ఈ గొడవే ఉండేది కాదు" అని నన్ను చర్చిలోనే నవ్వించాడు. ఇప్పుడు అయ్యగారు గొంతు తగ్గించి, "మంచి మనసుతోనే చాపాడు. కానీ దేవుని వస్తువునైనా, దేవుని దినాన్నైనా తేలిగ్గా తీసుకుంటే ఆయన ఊరుకోడు" అన్నారు. అందరూ "స్తోత్రం" అన్నారు. నా ఒళ్లు మండిపోయింది. వచ్చినవాళ్లకి టీలు ఇస్తున్నంతసేపూ మండుతూనే ఉంది.

అత్త మాత్రం ఆ మాటను గట్టిగా పట్టుకుంది. ఒంటిపూట తినడం మొదలుపెట్టింది. పోయినేడు దాకా మిరపకోతలకి వెళ్లిన మనిషికి, డిసెంబరుకల్లా జాకెట్టు చేతులు వదులైపోయాయి. నెల మొదటి ఆదివారం చర్చిలో ఇచ్చే రొట్టెను కూడా తీసుకోవడం మానేసింది. అందరూ మోకాళ్ల మీద ఉండి చెయ్యి చాపుతుంటే ఈవిడ చేతులు కొంగులో దాచుకునేది.

"నా చెయ్యి చాపితే ఏమవుద్దో అమ్మాయ్. వాణ్ణి పంపింది నేను. వాడికి తగిలింది నాకు పడాల్సిన దెబ్బే" అంది.

ఇలాగే వదిలేస్తే ఈవిడా దక్కదనిపించి అయ్యగారింటికి వెళ్లాను.

"అయ్యగారండీ, ఒక్కసారి ఇంటికొచ్చి, అది శిక్ష కాదని మా అత్తతో చెప్పండి. మీరు చెబితే వింటుంది."

"ఎలా చెప్పనమ్మా? వాక్యంలో ఉన్నదే చెప్పాను. అందులో ఒక్క పొల్లు మార్చడానికి మనమెవరం?"

"దేవుడు ప్రేమ అని కూడా వాక్యంలోనే ఉంది కదండీ."

"ప్రేమించేవాడే దండిస్తాడు హెలెనమ్మా. నువ్వు బళ్లో పిల్లల్ని కొట్టవా?"

"కొడతానండీ. చంపను."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని, "ఈసారి కార్డులు నూటనలభై రాయమ్మా, జనం పెరిగారు" అన్నారు.

రాశాను. నూటముప్పై తొమ్మిదింటి మీద ఎప్పటిలాగే తీపి మాటలు. ఆఖరిదాని మీద ఉజ్జా చావు, ఉన్నది ఉన్నట్టు, చుట్టూ పూలతీగతో సహా. దాన్ని పళ్లెంలో అట్టడుగున పెట్టాను. కార్డులు రాసినదాన్ని కాబట్టి నేను ఆఖర్న తీసుకోవడం మామూలు. ఎవరు తీసుకున్న కార్డైనా అయ్యగారే మైకులో చదువుతారు. ఆ వాక్యాన్ని ఈ ఏటి వాగ్దానంగా ఆయన నా ముఖం చూసి చదవాలి. పళ్లెంలోకి పనికిరాని మాట చావింటికి ఎలా పనికొచ్చిందో జనమంతా ఆలోచించాలి. అదీ నా పంతం. ఆ పంతం అయ్యగారి మీదో, దేవుడి మీదో, ఇన్నేళ్లు రాళ్లేరి పారేసిన నా మీదో నాకే సరిగ్గా తెలియదు.

జనవరి ఒకటిన అయ్యగారు, దుఃఖంలో ఉన్న ఇంటివాళ్లు ముందు రావాలని పిలిచారు. అత్త లేచి వెళ్లింది. నేను గుమ్మం దగ్గర వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటున్నాను. ఎవరైనా పైనున్న కార్డే తీసుకుంటారు. అత్త పళ్లెం ముందు ఆగింది. కొంగులోంచి చెయ్యి తీసి, వేళ్లు లోపలికి పోనిచ్చి, అట్టడుగు నుంచి ఒకటి లాగింది.

"పైవి మంచోళ్లకి ఉండనీండి అయ్యగారూ. నాలాటిదానికి అడుగుదే చాలు" అన్న మాట మైకులో అందరికీ వినపడింది.

వద్దని అరవాలని నోరు తెరిచాను. అప్పటికే ఆలస్యమైంది. అయ్యగారి కోసమని నేను దాచిన రాయి ఆవిడ చేతిలో ఉంది. అత్తకు చదువు రాదు. కార్డు ఆయనకిచ్చి, తలవంచుకుని, దెబ్బ కోసం చూస్తున్నట్టు నిలబడింది.

ఆయన కార్డు చూశారు. తలెత్తి నా వైపు చూశారు. మళ్లీ కార్డు చూశారు.

"భయపడకు తల్లీ. నీ మీద నాకు కోపం లేదు. నేను నీ ఇంట్లోనే ఉన్నాను" అని చదివారు.

ఆ మాటలు ఆ వరసలో బైబిల్లో ఎక్కడా లేవు. ఎవరూ పట్టించుకోలేదు. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.

ఒక్క పొల్లు మార్చలేనన్న మనిషి మొత్తం మార్చేశారు. ఇంత సులువైన పని ఆగస్టులో ఎందుకు చేయలేదని నిలదీద్దామనుకున్నాను. ప్రార్థన అయ్యాక ఆయన నా దగ్గరికి రాలేదు, నేనూ వెళ్లలేదు. ఒకరి గుట్టు ఒకరి దగ్గరుంది.

ఆ మధ్యాహ్నం అత్త అన్నం తిని, మళ్లీ పెట్టించుకుంది. ఆ వారమే చర్చిలో రొట్టెకి చెయ్యి చాపింది. కార్డును ఎలీషా ఫోటో కింద అతికించమంటే అతికించాను. రోజూ నేను బడికి బయలుదేరే ముందు, "ఏదీ, ఒకసారి చదువు" అంటుంది. ఎడ్లు తూలాయని, చెయ్యి చాపాడని, చచ్చిపోయాడని నా చక్కటి దస్తూరీతో ఉన్నదాన్ని చూస్తూ, భయపడకు తల్లీ అని చదువుతాను.

నిన్న చదవడం అయ్యాక అత్త కొంగుతో ఫోటో తుడిచింది.

"ఆయనకి కోపం పోయింది అమ్మాయ్" అంది సంతోషంగా. "వాణ్ణి తీసుకున్నాక చల్లబడ్డాడు."

అసలు కోపమే లేదత్తా అందామని నోటిదాకా వచ్చింది. కళ్లెదురుగా, పూలతీగ మధ్యలో, ఆ కోపమే రాసి ఉంది. బడికి టైమైందని చెప్పి బయటికి వచ్చేశాను.