పిల్లల గుండె డాక్టరు దగ్గర వజీరా

గోడ నిండా ఏనుగులు, బెలూన్లు, ఒక నవ్వే చందమామ. ఆ గోడ కింద యాభై ఎనిమిదేళ్ళ వజీరా ఒదిగి కూర్చుంది. హైదరాబాద్ నుంచి నెలకోసారి హన్మకొండకు వచ్చే పిల్లల గుండె డాక్టరు ఆస్పత్రి అది. పుట్టుకతోనే గుండె వంకరగా ఉన్నవాళ్ళ సంగతి పెద్దల డాక్టర్లకు అంతగా తెలియదట. నెత్తి నెరిసినా పిల్లల డాక్టరు దగ్గరికే రావాలట. చీటీలు రాసే అమ్మాయి "పాప ఏదమ్మా?" అని రెండుసార్లు అడిగింది. "పాపను నేనే" అని వజీరా చెప్పేసరికి నాలుక కరుచుకుంది.

వజీరా నీలంగా పుట్టింది. ఏడిస్తే చాలు, నేరేడు పండ్లు తిన్నట్టు పెదవులు నల్లబడేవట. తొమ్మిదో ఏట వాళ్ళ అబ్బా ఆమెను రైలెక్కించి, మద్రాసు అవతల ఏదో మిషను దవాఖానలో గుండె కుట్టించుకొచ్చాడు. పోయేముందు కాజీపేట దర్గాలో నిలబడి ఒక మాట ఇచ్చాడు. నా బిడ్డను ఈ ఒక్కసారి బతికించు, మళ్ళీ ఈ గుండె ముచ్చట ఎత్తను అన్నాడు. బిడ్డ బతికింది. అబ్బా దర్గాలో చాదర్ కప్పాడు, వాడకట్టు అంతటికీ పలావ్ పెట్టాడు. ఆరోజు నుంచి ఆ ఇంట్లో గుండె మాట బంద్. ఏడాదికోసారి తీసుకురమ్మని దవాఖానవాళ్ళు రాసిచ్చిన కాగితం ఏమైందో ఎవరికీ తెలియదు. మళ్ళీ అక్కడికి పోతే ఇచ్చిన మాట తప్పినట్టేనని ఆ అమాయకుడి లెక్క. ఆ లెక్క తప్పే. కానీ ఆ మనిషి ప్రేమ ముందు తప్పు పట్టడానికి నాకైతే నోరు రాదు.

పెళ్ళయ్యాక వజీరా నేతగాళ్ళుండే కొత్తవాడకు వచ్చింది. భర్త గౌస్ పాషా జంపఖానాలు నేస్తాడు. ఒకే మగ్గం మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నేశారు, ఇద్దరు కొడుకులను పెంచారు. గౌస్ పాషా నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటివాడు కూడా భార్య రొమ్ము మీది కుట్ల మచ్చ సంగతి బయట ఎక్కడా ఎత్తలేదు. మామకు ఇచ్చిన మాట మరి.

రెండేళ్ళుగా వజీరాకు ఊపిరి చాలడం లేదు. పోగులను అణచి కొట్టే ఇనుప పంజా రోజురోజుకూ బరువెక్కింది. నేస్తూ నేస్తూ ఉంటే కళ్ళ ముందు మబ్బు కమ్మేది. ఆ మబ్బులో నీళ్ళు కనబడేవి. ధర్మసాగర్ చెరువంత వెచ్చటి నీళ్ళు, అడుగున తను పడుకున్నట్టు, పైన ఎక్కడో ఎవరో నెమ్మదిగా పంజా కొడుతున్నట్టు. అందులో భయం లేదు, నొప్పి లేదు. ఎంత హాయి అంటే, పైకి రావాలనిపించేది కాదు. ఆ హాయే ప్రమాదమని ఆమెకేం తెలుసు? పోయిన నెల అలాగే మగ్గం మీద ఒరిగిపోయింది. గౌస్ పాషా లబోదిబోమని ఏడ్చి, మామ మాటను గట్టున పెట్టి, ఇక్కడికి తీసుకొచ్చాడు.

లోపలికి పిలుపు వచ్చింది. డాక్టర్ లావణ్య వజీరా చిన్న కొడుకు కంటే చిన్నది. చల్లటి జిగురు పూసి, తెర మీద గుండెను చూపించింది. చీకట్లో ఎరుపు, నీలం మెరుస్తూ కలగలిసిపోతున్నాయి. వజీరా రెప్ప వేయలేదు. రంగులు ఎటు పోవాలో, ఎటు పోతున్నాయో కనిపెట్టడం ఆమెకు నలభై ఏళ్ళ అలవాటు.

"ఆ నీలం ముందుకు పోయి, ఎర్రగయి మళ్ళ ఎనుకకు వస్తాంది" అంది.

డాక్టరు ఆశ్చర్యపోయింది. "అదేనమ్మా రోగం. అప్పుడు ఆపరేషన్ మంచిగనే చేసిన్రు. కానీ ఊపిరితిత్తులకు పోయే దారిల తలుపు సరిగ్గ మూసుకుంటలేదు. గుండె కుడిదిక్కు సాగిపోతాంది. హైదరాబాద్‌ల తొడ నరం నుంచి కొత్త తలుపు పెట్టొచ్చు. ఇంక ఆలస్యం చేస్తే పెట్టినా ఫాయిదా ఉండదు."

"వద్దు బిడ్డా. మా అబ్బా మొక్కున్నది" అని వజీరా లేచింది. గౌస్ పాషా చాయ్ తెస్తానని బయటికి పోయాడు.

ఆమె మళ్ళీ ఏనుగుల కింద కూర్చుంది. మబ్బు కమ్మింది. ఏనుగులు గోడ దిగి నీళ్ళలో మెల్లగా నడిచాయి. అబ్బా ఒడ్డున నిలబడి ఉన్నాడు, ఏదో చెబుతున్నాడు, మాట మాత్రం వినబడటం లేదు.

"పెద్దమ్మా, నీ మనుమరాలు ఏది?"

పక్కన ఒక పడుచు తల్లి. పేరు వినోద, రఘునాథపల్లి నుంచి వచ్చింది. ఒళ్ళో రెండేళ్ళ పాప సౌమ్య, గోళ్ళు నీలంగా ఉన్నాయి.

"మనుమరాలు కాదు, చూపించుకునేది నేనే. నాది గూడ పుట్టుక నుంచే."

వినోద నోరు తెరిచింది. "గీ రోగంతోని ఇన్నేండ్లు బతుకుతరా?"

"బతుకుతరు. నన్ను చూస్తలేవా?"

వినోద పాపను తీసి వజీరా ఒళ్ళో పెట్టేసింది. "వచ్చే నెల ఆపరేషన్. మా అత్త సమ్మక్కకు బిడ్డ ఎత్తు బంగారం మొక్కింది" అంది. మేడారంలో బంగారమంటే బెల్లం. "గది ఇచ్చినంక ఇగ దవాఖాన మొఖమే చూడొద్దన్నది. ఒక్కసారితోని అయిపోతది గదా పెద్దమ్మా?"

అవునని తలూపితే ఆ తల్లి మొహం విప్పారేది. వజీరాకు ఊపాలనే ఉంది. పాప ఆమె గాజు పట్టుకుని, అలసిపోయి రొప్పుతోంది. ఆ రొప్పు వజీరాకు కొత్త కాదు.

"అయిపోదు బిడ్డా. బెల్లం ఇయ్యి, మొక్కు తీర్చు. కానీ ఏడాదికోసారి తీసుకరా. పెద్దగైనంక గూడ, పెండ్లైనంక గూడ. కుట్టిన గుండెను జర కనిపెట్టుకోవాలె."

"మరి నువ్వు ఏడాదికోసారి వచ్చినవా?"

"రాలె. నలభై తొమ్మిదేండ్లల్ల ఇయ్యాల్నే వచ్చిన."

"ఎందుకు రాలె?"

అబ్బా మొక్కు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అబ్బా పోయి ఇరవై ఏళ్ళు. ఆ ఇరవై ఏళ్ళూ ఆమెను ఆపింది ఎవరు? రొప్పుతున్న పాప తల మీద చెయ్యి పెట్టుకుని అబద్ధం ఆడలేకపోయింది.

"భయానికి" అంది. అన్నాక ఏడుపొచ్చింది. మనుషులందరి ముందర, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, పాపను తల్లికిచ్చి, చీటీ లేకుండానే డాక్టరు తలుపు తోసి, "ఆ కొత్త తలుపు పెట్టు బిడ్డా" అంది. చాయ్ గ్లాసులతో వచ్చిన గౌస్ పాషా గాభరాగా వెనకాలే పరుగెత్తాడు.

"ఏమైంది? మరి మీ అబ్బా మొక్కు?"

"మొక్కింది అబ్బా. బతకాల్సింది నేను."

డాక్టరు కుర్చీ చూపించి, "మంచిదమ్మా. ఇంట్ల అందరు మాట్లాడుకొని, వచ్చే నెల చెప్పున్రి" అంది.

వజీరా కూర్చోలేదు. రెండు చేతులతో బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడే తారీఖు రాయి బిడ్డా. ఇంటికి పోతే నేను మళ్ళ రాను."