ఓమా రోడ్డు మీద రాహుకాలం

ఈ జానకిరామ్‌ని ఐర్లండ్‌లో మా లెటర్‌కెన్నీ ఊరి తెలుగువాళ్ళంతా దేవుడంటారు. ఏ దేశానికి ఏ వీసా కావాలన్నా, ఎక్కడ దిగితే ఏ కాగితం చూపాలన్నా వాడినే అడుగుతారు. నేనూ అడిగినవాడినే. వాడు నా నోటికాడి కూడు ఎలా లాక్కున్నాడో రాస్తాను. చదివాక వాడిని ఏమనాలో మీరే అనండి.

నేను ఇక్కడ ఒక ఇండియన్ హోటల్లో వంటవాడిని. ఎనిమిదో తరగతితో బడి మానేశాను. మా నాన్న ఆస్పత్రి ఖర్చుకని అమ్ముకున్న పొలం రేపల్లె పక్కన ఉంది. అప్పట్లో దాన్ని కొన్న కామేశ్వరరావు ఈ మధ్య మళ్ళీ నాకే అమ్ముతానన్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు.

"సోమవారం నువ్వే వచ్చి రిజిస్ట్రేషనుకి నిలబడాలి. పవరాఫ్ అటార్నీలు నాకొద్దు. రాకపోతే ఇంకోళ్ళకి ఇచ్చేస్తా."

హోటల్లో సెలవు దొరికింది. జానకిరామ్ కూడా సెలవులకు అదే విమానంలో వెళ్తున్నాడు. డబ్లిన్ దాకా వాడి కారులో పోదామనుకున్నాం. పొలం సంగతంతా వాడికి తెలుసు, నేనే చెప్పాను.

లెటర్‌కెన్నీ నుంచి డబ్లిన్ విమానాశ్రయానికి దగ్గరి దారి నార్త్ మీదుగా, అంటే బ్రిటిష్ వాళ్ళ నేల మీదుగా పోతుంది. జానకిరామ్‌ది ఐరిష్ పాస్‌పోర్టు, వాడికి అడ్డులేదు. నాది ఇండియన్ పాస్‌పోర్టు. ఐర్లండ్‌లో ఉండే కార్డు నార్త్‌లో చెల్లదు, అక్కడికి వేరే వీసా కావాలి. అందుకే నాలాంటివాళ్ళు స్లైగో మీదుగా చుట్టు తిరిగి పోతారు. ఈ రూలు నాకు చెప్పింది కూడా జానకిరామే.

శనివారం పొద్దున ఎనిమిదికి రావలసినవాడు తొమ్మిది దాటాక వచ్చాడు. సూట్‌కేసు ఎత్తబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగన్నా. రాహుకాలం మొదలైంది. పదిన్నర దాకా గడప దాటగూడదు."

"ఐర్లండులో రాహుకాలం ఏందిరా? ఇండియాలో ఎప్పుడో అయిపోయింది."

"సూర్యుడు ఇక్కడే గదా పొడిచింది, లెక్కా ఇక్కడిదే. భూమి పని మీద పోతన్నావు. నీ ఇష్టం మరి."

నా భార్య జయశ్రీ తలూపింది. "మంచికే గదా చెప్తన్నాడు, ఆగండి" అని కాఫీ పెట్టింది. ఆరేళ్ళలో వాడు పంచాంగం ముఖం చూడటం నేనెరగను. ఆ రోజు మాత్రం మా సోఫాలో కాళ్ళు చాపుకుని, కాఫీలో బిస్కెట్లు ముంచుకు తింటూ రాహువు దిగిపోయేదాకా కూర్చున్నాడు.

బయల్దేరాక రౌండబౌట్ దగ్గర స్లైగో దారి వదిలేసి లిఫర్డ్ వైపు తిప్పాడు.

"ఒరే, అటు నార్త్ గదరా. నాకు వీసా లేదు."

"ఇప్పుడు స్లైగో మీదుగా పోతే ఫ్లైటుకి టాటా చెప్పుకోవటమే. బోర్డరంటే ఏందనుకున్నావన్నా? గేటుంటదా, గోడుంటదా? రోడ్డు పక్కన పసుపు గీత తెల్లగా మారుద్ది, అంతే. నీయన్నీ ఎనిమిదో క్లాసు భయాలు."

వెనక్కి తిప్పమంటే విమానం పోతుంది, విమానం పోతే పొలం పోతుంది.

గీత తెల్లగా మారింది. ఓమా అనే ఊరు దాటాక ఒక మలుపులో పోలీసులు బండ్లు ఆపి కాగితాలు చూస్తున్నారు. వాడి పాస్‌పోర్టు చూసి గ్రాండ్, అంటే అంతా బాగుంది, అన్నారు. నా కార్డు అటూ ఇటూ తిప్పి, దిగమన్నారు.

"జానకీ, ఏదో ఒకటి చెప్పరా. టికెట్టు చూపించు."

వాడు చెప్పాడు. నాకొచ్చిన ఇంగ్లీషుకి కూడా అర్థమైంది. "లిఫ్ట్ అడిగాడు, ఇచ్చాను. వీసా లేదని నాకు తెలియదు" అన్నాడు. తరవాత డిక్కీ తెరిచి నా సూట్‌కేసు తడి గడ్డి మీద పెట్టాడు.

"నన్నొదిలేసి పోతావేంట్రా?"

"ఇద్దరం ఇరుక్కుంటే లాభమేందన్నా? నేను పోతేనే గదా కామేశ్వరరావుని ఆపేది. దిగులు పడమాక."

జయశ్రీ నాకు కట్టిచ్చిన పులిహోర కూడా కారులోనే పోయింది.

మర్నాడు నన్ను బోర్డర్ దగ్గరికి తెచ్చి ఇటువైపు గార్డులకు, అంటే ఐరిష్ పోలీసులకు, అప్పజెప్పారు. ఇంక ఏ విమానం ఎక్కినా సోమవారానికి ఊరు చేరలేను. కామేశ్వరరావుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మంగళవారం ఎత్తాడు.

"నీకు డబ్బు కుదరలేదంటగా చక్రధర్? జానకిరామ్ వచ్చి చెప్పాడు. వాళ్ళ బామ్మర్ది పేరున రాయించుకున్నాడులే."

ఐరిష్ పౌరుడు మన దగ్గర సాగుభూమి కొనకూడదు. ఆ రూలూ వాడికి తెలుసు. అందుకే బామ్మర్ది.

సెలవులయ్యాక వాడు మా ఇంటికే వచ్చాడు, పూతరేకులు పట్టుకుని.

"బయటోడి చేతిలో పడకుండా ఆపానన్నా. కౌలుకి కావాలంటే చెప్పు, నీకే ఇప్పిస్తా" అని నవ్వాడు.

వాడి మెడ మీద చెయ్యి వేద్దామని లేచాను. జయశ్రీ మధ్యకొచ్చి వాడికి కాఫీ ఇచ్చింది. మా పౌరసత్వం దరఖాస్తు నింపాల్సింది వాడే మరి.

"తమ్ముడూ, ఈయన నార్త్‌లో పట్టుబడిన సంగతి అందులో రాయాలా?" అని అడిగింది.

"రాయాలొదినా. దాస్తే ఇంకా ప్రమాదం" అన్నాడు వాడు, పూతరేకు నములుతూ.

కాలవ కింద పొలం, తూర్పు గట్టు మీది తొమ్మిది తాటిచెట్లతో సహా, ఎకరం ముప్పై ఏడు సెంట్లు.