పెట్రోలు మూత మీద సబ్బు

ఆగు నీరజమ్మా, బండి నెంబరు అక్కర్లేదు. మీ చిన్నతాతయ్య వరప్రసాదం బండి అని రాయి, చాలు. కొత్తది కాదని కూడా రాయి. రెండు వేల మూడులో కొనేటప్పటికే అది ఇద్దరి చేతులు మారింది. నేను నిదానంగా చెబుతాను, నువ్వూ నిదానంగానే రాసుకో.

వరప్రసాదం బాపట్లలో ఒక కాలేజీలో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. భార్య జ్ఞానమ్మకి మోకాళ్ల నొప్పులు. ఆదివారం చర్చికి నడిచి వెళ్లి, మొదటి పాట అయిపోయాక లోపలికి అడుగుపెట్టేది. అలా ఆలస్యంగా వెళ్లటం ఆవిడకి తలవంపులుగా ఉండేది. అది చూసే వరప్రసాదం బండి కొనాలనుకున్నాడు.

వెతికి పెట్టింది సన్నీ. వాడు జ్ఞానమ్మ అక్క సుందరమ్మ కొడుకు. సుందరమ్మ రేపల్లెలో ఉండేది. వాడు తెనాలి మార్కెట్ వెనక మెకానిక్ షాపు పెట్టుకున్నాడు. స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. డాక్టరుగారు గుండె చూసినట్టే ఉండేది.

"బాబాయ్, దీని గుండె గట్టిది. బొమికలే పాతవి. నీలాగేలే" అన్నాడు బండి అప్పజెబుతూ.

"నా బొమికల సంగతి నీకెందుకురా" అన్నాడు వరప్రసాదం. లోపల మాత్రం పొంగిపోయాడు. పిల్లలు లేని ఆ ఇద్దరికీ కొడుకంటే సన్నీయే.

బండి బాగానే ఉంది. ఒక్కటే లోపం. పెట్రోలు ట్యాంకు మూత లోపలి వాషరు అరిగిపోయింది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు గతుకుల్లో పడితే మూత చుట్టూ పెట్రోలు చెమర్చేది. ఆ వాసనకి జ్ఞానమ్మకి కడుపులో తిప్పేది. ఒకసారి కర్లపాలెం వెళ్లి వస్తూ బండి ఆపించి, దిగి, చేను గట్టు మీద కూర్చుని వాంతి చేసుకుంది. కట్టుకున్నది చర్చి చీర.

"ఏవండీ, నేను నడిచే వస్తాను లెండి చర్చికి. మీరేం అనుకోవద్దు" అంది మూతి తుడుచుకుంటూ.

ఆ మాట వరప్రసాదానికి ముల్లులా గుచ్చుకుంది. ఇంటికి రాగానే బట్టల సబ్బు తీసుకున్నాడు. తడిపి, వేళ్లతో పిండిలా మెదిపి, మూత చుట్టూ దట్టంగా రుద్దాడు. కారే ట్యాంకుకి సబ్బు రాయటం అందరూ చేసే పనే. మూత నడిమధ్య సూది మొనంత బెజ్జం ఒకటి ఉంది. దాని చుట్టూ కూడా తడిగా కనిపించింది. కారేదేదైనా మూయాలి గదా అనుకుని, బొటనవేలితో అందులోనూ సబ్బు కూరాడు.

మరుసటి ఆదివారం వాసన రాలేదు. జ్ఞానమ్మ ఎప్పుడూ సీటు పట్టీ పట్టుకుని బిగుసుకుపోయి కూర్చునేది. ఆ రోజు మాత్రం ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

చర్చి దాకా వెళ్లి రావటానికి బండి ఏ పేచీ పెట్టలేదు. దూరం వెళ్లినప్పుడే మొదలైంది గొడవ. ఏడెనిమిది కిలోమీటర్లు పోయాక దగ్గినట్టు అయ్యేది, రెండు మూడుసార్లు ఎగిరి ఆగిపోయేది. ఎన్ని కిక్కులు కొట్టినా పలికేది కాదు. వరప్రసాదం ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, ఊది, మళ్లీ బిగించేవాడు. ఈలోగా పావుగంట గడిచేది. అప్పుడు స్టార్టయ్యేది. దోషం ప్లగ్గుదేనని ఆయన నమ్మాడు. కొత్త ప్లగ్గు వేయించాడు. అయినా అంతే.

తెనాలి తీసుకెళ్లాడు. దారిలో రెండుసార్లు ఆగింది. ఊళ్లోకి వెళ్లబోతూ కాలవ దగ్గర బండి ఆపాడు. తడిగుడ్డతో మూత మీద సబ్బంతా తుడిచాడు. బెజ్జంలోది పుల్లతో గీకి తీశాడు. ఎందుకంటే, ఇంటి వైద్యం చేసి బండి తెచ్చేవాళ్లని సన్నీ ఊరికే వదలడు. అంతకుముందు ఒక పెద్దమనిషి పెట్రోలు కారుతోందని కార్బరేటరుకి పాత పంచె ముక్క చుట్టి తెచ్చాడు. "ఏమండీ, తలపాగా చుట్టారు, పెళ్లేమన్నా ఉందా బండికి?" అన్నాడు సన్నీ. షాపు ముందున్న నలుగురూ పగలబడి నవ్వారు. ఆ నవ్విన నలుగురిలో వరప్రసాదం కూడా ఉన్నాడు.

సన్నీ ఆ పూటంతా బండి మీదే కూర్చున్నాడు. ప్లగ్గుకి కరెంటు పంపే పాయింట్లు చూశాడు. కార్బరేటరు విప్పి కడిగాడు. సైలెన్సర్‌లో మసి కాల్చాడు. తనే ఎక్కి వడ్లమూడి దాకా వెళ్లి వచ్చాడు. బండి ఎక్కడా ఆగలేదు. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నాడు.

"బాబాయ్, ఇంటి దగ్గర దీనికి నువ్వేమన్నా చేశావా?"

"నేనేం చేస్తానురా."

"ఏదైనా చెప్పు, నవ్వన్లే."

"ఏం చెయ్యలేదంటే. తుడిచి పెట్టుకుంటా, అంతే."

ఆ అబద్ధం చాలా చిన్నది. సబ్బుకీ బండి ఆగటానికీ సంబంధం ఉంటుందని ఆయనకి తట్టనే లేదు. తిరుగుదారిలో బండి నీళ్లలో చేపలా వచ్చింది. సన్నీ చేతి చలవ అనుకున్నాడు. ఆదివారం వచ్చేసరికి జ్ఞానమ్మ కూర్చోవాలి గదా, మళ్లీ సబ్బు రాశాడు. బెజ్జంతో సహా.

అలా మూడుసార్లు జరిగింది. మూడుసార్లూ సన్నీ మొత్తం విప్పి చూశాడు, మూడుసార్లూ అదే మాట అడిగాడు. మూడోసారి నవ్వలేదు. "నాకు అందకుండా ఏదో ఉంది బాబాయ్ దీంట్లో. రాత్రిళ్లు కూడా ఇదే ఆలోచిస్తున్నా" అన్నాడు.

రెండు వేల అయిదు, ఆగస్టు నెల. పొద్దున ఏడింటికి పక్కింటి ఫోనుకి రేపల్లె నుంచి కబురొచ్చింది. చేసింది సన్నీయే. "పిన్నిని తీసుకుని వెంటనే రా బాబాయ్. అమ్మ గంట గంటకీ జారిపోతోంది. జ్ఞానం ఏది, జ్ఞానం ఏది అని ఒకటే అడుగుతోంది. పిన్నితో ఏదో చెప్పాలంట."

బస్సు తొమ్మిదింటికి గానీ లేదు. బండి మీదైతే ఆ లోపే రేపల్లెలో ఉండొచ్చు. వరప్రసాదం బండి ఊపి చూశాడు, పెట్రోలు నిండుగా పలికింది. మూత మీద సబ్బు ఎండి పెచ్చుగా ఉంది. దాని మీద తడివేలు ఒకసారి తిప్పి, బయల్దేరాడు.

కర్లపాలెం దగ్గర ఆగింది. ప్లగ్గు విప్పాడు, తుడిచాడు, బిగించాడు. చందోలు దాటక ముందు మళ్లీ ఆగింది. ఎండ ఎక్కుతోంది. జ్ఞానమ్మ రోడ్డు పక్కన నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవటం లేదు, ప్రార్థన చేసుకుంటోంది. అప్పుడే వెనకనుంచి తొమ్మిదింటి రేపల్లె బస్సు వచ్చింది.

"ఏవండీ, బస్సు ఆపండి. నేనెక్కి పోతాను, మీరు వెనక రండి."

ఆయన అప్పుడే కిక్కు కొట్టాడు. బండి పలికింది. "ఎక్కు, ఎక్కు. ఇదిగో స్టార్టయిందిగా. బస్సు కంటే ముందుంటాం" అన్నాడు. ఎత్తబోయిన చెయ్యి ఆవిడ దించేసింది. బస్సు వెళ్లిపోయింది.

చెరుకుపల్లి దాటాక మళ్లీ ఆగింది. నగరం దగ్గర ఇంకోసారి. రేపల్లెలో సుందరమ్మ గుమ్మం ముందు బండి దిగేసరికి పదకొండయింది. వాకిట్లో చెప్పులు చాలా ఉన్నాయి. లోపల ఎవరో పాట ఎత్తుకున్నారు. అది చావు ఇంట్లో పాడే పాట. జ్ఞానమ్మ చెప్పులు విడవకుండానే లోపలికి వెళ్లింది.

సుందరమ్మ పోయి ఇరవై నిమిషాలైంది. ఆవిడ చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ఆ చెయ్యి పట్టుకుని జ్ఞానమ్మ, "ఏం చెబుదామనుకున్నావక్కా?" అని అడిగింది. మళ్లీ మళ్లీ అదే అడిగింది.

వరప్రసాదం తలుపు దగ్గర నిలబడి అది విన్నాడు. తట్టుకోలేకపోయాడు. బస్సు దగ్గర తను అన్న మాట గుర్తొచ్చింది. ఆ తప్పు ఎవరి మీదో ఒకరి మీదికి నెట్టాలనిపించింది. ఎదురుగా సన్నీ కనిపించాడు.

"నీ వల్లేరా. పాడు బండి అంటగట్టావు. మూడుసార్లు విప్పావు, ఒక్కసారైనా బాగుచేశావా? నువ్వేం మెకానిక్కువిరా? నీ తల్లి కడసారి మాట మా జ్ఞానానికి దక్కకుండా చేశావు."

పాట ఆగిపోయింది. పాస్టరుగారు తలెత్తి చూశారు. సన్నీ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నిజమే బాబాయ్. నాకు దొరకలేదు" అన్నాడు.

ఆ మాట వాడు నమ్మాడు. జ్ఞానమ్మ కూడా నమ్మింది. భూస్థాపన రోజు సమాధుల తోటలో సన్నీ దగ్గరికి వస్తే ముఖం తిప్పుకుంది. నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడికలో భోజనాల దగ్గర వాడు గిన్నె అందిస్తే తీసుకోలేదు.

ఆ తర్వాత పది రోజులకి వరప్రసాదం ఒక్కడే పొన్నూరు వెళ్తున్నాడు. ఎప్పటిలాగే బండి ఆగింది. పెట్రోలు పోయించి చాలా రోజులైంది, ఈసారి నిజంగా అయిపోయిందేమో అనుకున్నాడు. చూద్దామని సబ్బు పెచ్చు విరిచి మూత తిప్పాడు. ట్యాంకు స్స్ మని గాలి పీల్చింది. చాలాసేపు నీళ్లలో మునిగిన మనిషి పైకొచ్చి ఊపిరి తీసినట్టు. లోపల పెట్రోలు సగం పైనే ఉంది. మూత తీసి ఉండగానే కిక్కు కొట్టాడు. ఒక్క కిక్కుకే పలికింది.

ఆయన మూత చేతిలో పట్టుకుని బెజ్జం వంక చూశాడు. పెట్రోలు కిందికి దిగాలంటే పైనుంచి గాలి పోవాలి. తలకిందులు చేసిన సీసాలో నీళ్లు ఎలా ఆగుతాయో చిన్న పిల్లలకి కూడా తెలుసు. ఆయనకీ తెలుసు. బండి ఆగిన ప్రతిసారీ ఆ పావుగంటలో ఎక్కడో సందులోంచి కాస్త గాలి దూరింది. ప్లగ్గుతో దానికి పనే లేదు.

పొన్నూరు మానేసి, తిన్నగా తెనాలి వెళ్లాడు. ఆ బెజ్జంలో సబ్బు పుల్లతో గీకేశాడు కాబట్టి బండి ఎక్కడా ఆగలేదు. సన్నీ షాపు షట్టరు దించి ఉంది. పక్కన పంక్చర్లు వేసే యేసుదాసు చెప్పాడు.

"వెళ్లిపోయాడండి, వారమైంది. ఒంగోల్లో ఏదో గోడౌన్లో వాచ్‌మెన్ పనంట. పానాలూ అవీ అన్నీ నాకిచ్చేశాడు. ఇంకే బండీ విప్పనన్నాడండి. ఏమన్నా చెప్పాలా?"

వరప్రసాదం నోరు తెరిచాడు. "ఏం లేదులే" అన్నాడు.

మళ్లీ ఎప్పుడూ ఆ బండికి సబ్బు రాయలేదు. దాంతో బండి ఎప్పుడూ ఆగలేదు. "ఏమైందండీ దానికి, బాగైంది?" అని జ్ఞానమ్మ ఒకసారి అడిగింది. "ఏదో, సర్దుకుంది" అన్నాడు. ఆవిడ మళ్లీ నడిచే చర్చికి వెళ్లటం మొదలుపెట్టింది. బండి వసారాలో దుమ్ము కొట్టుకుపోయింది. ఒంగోలుకి ఉత్తరం రాయాలని మూడుసార్లు ఇన్లాండు కవరు కొన్నాడు. మూడూ ఖాళీగానే బైబిల్లో ఉన్నాయి.

పోయిన నెల వరప్రసాదం ఊపిరి ఆడక మంచాన పడ్డప్పుడు, అన్ననని నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని ఇదంతా ముక్కలు ముక్కలుగా చెప్పాడు. "జ్ఞానానికి చెప్పు. వాడికీ చెప్పు. నాకు నోరు రావటం లేదు" అన్నాడు. మూడో రోజు పోయాడు.

జ్ఞానమ్మకి నిన్న చెప్పాను. వసారాలోకి వెళ్లి, దుమ్ము పట్టిన ఆ మూత మీద వేలు పెట్టి తడిమింది. "నాకు వాసన పడదనేగా సబ్బు రాశారు" అంది. ఆ తర్వాత, "మరి ఆ పిల్లాడి చేతిలో గిన్నె కూడా తీసుకోలేదే నేను" అని అక్కడే కూలబడింది.

ఇక చాలు నీరజా. సన్నీ ఫోన్ నెంబరు యేసుదాసు దగ్గర ఉంది. ఆదివారం వాడికి డ్యూటీ ఉండదంట. ఫోన్ చేసి, ఇదంతా మొదట్నుంచీ వాడికి చదివి వినిపించు తల్లీ. మీ చిన్నతాతయ్య వాణ్ణి తిట్టిన చోట తడబడి దాటెయ్యకు. సబ్బు దగ్గర మాత్రం రెండుసార్లు చదువు.