కేజీ నూట ఎనభై

పొద్దున్న ఐదున్నరకల్లా సుప్రియ స్కూటీ బయటికి తీసేది. కాళ్ళ దగ్గర నీటి సీసాల ట్రే, సీటు కింద ఆక్సిజన్ మీటరు, భుజానికి సంచి. భీమవరంలో సత్యప్రసాద్ గారి నీటి పరీక్షల ల్యాబులో ఆమెకది నాలుగో ఏడు. మొగల్తూరు వైపున్న పదకొండు రొయ్యల చెరువులు ఆమె వంతు. ప్రతి చెరువు గట్టు మీదికీ వెళ్ళి, మీటరు నీళ్ళలోకి దించి, ఆక్సిజన్ ఎంతుందో చూసి రాయాలి. ఆ అంకె రైతు ఫోనుకి వెళుతుంది. నీళ్ళు చిలికే ఫ్యాన్లు తిప్పాలో ఆపాలో, మేత వెయ్యాలో మానాలో రైతు ఆ అంకెని బట్టే తేల్చుకుంటాడు.

ఇన్నాళ్ళూ పుస్తకంలో రాసుకొచ్చి ఆఫీసులో ఉన్న పెద్ద కంప్యూటర్లో ఎక్కించేవారు. ఆ నెలలో సత్యప్రసాద్ గారు షాపు వాళ్ళనడిగి ఒక చిన్న ల్యాప్‌టాప్ తెచ్చారు. చౌకరకం. మూత మూస్తే అన్నం తినే పళ్ళేనికి కాస్త పెద్దది, అంతే.

"పన్నెండు రోజులు వాడి చూడమ్మా. బ్యాటరీ ఎంతసేపొస్తుందో, ఎండలో తెర కనపడుతుందో లేదో, రోజూ మోసుకు తిరగడానికి వీలుగా ఉందో లేదో అన్నీ రాసివ్వు. బావుందంటే మీ ఆరుగురికీ కొంటాను. మొగల్తూరులో బ్రాంచి పెడదామనుకుంటున్నాను. అది నువ్వే చూసుకుందువుగాని" అన్నారు.

బ్రాంచి మాట విన్నాక సుప్రియకి ఆ మిషను మీద గౌరవం పెరిగింది. ప్రతి రోజూ శ్రద్ధగా రాసుకుంది. బ్యాటరీ ఆరు గంటలొస్తోంది. ఎండలో తెర కనపడదు, చున్నీ కప్పుకుని చూడాలి. కీలు మెత్తగానే ఉన్నాయి. రెండు పనులు ఒకేసారి చెబితే ఆయాసపడుతుంది. బరువు కేజీ నూట ఎనభై గ్రాములు, డబ్బా మీద వేసినంతే.

చూడకుండా రాసినది బరువెక్కుతుందన్న సంగతి ఆ వైపు ఎవరికీ కొత్త కాదు. పుస్తకాలకీ అంతే, మిషన్లకీ అంతే. ల్యాబులోని పెద్ద కంప్యూటరు ఆరేళ్ళుగా చోటు కదల్లేదు. దాని బల్ల కాళ్ళు గచ్చులోకి జానెడు దిగిపోయాయి. ఊడ్చే ఆవిడ చుట్టూ ఊడ్చుకుని వెళ్ళిపోయేది. ఎందుకలా దిగాయని ఎవరూ అడగలేదు, సత్యప్రసాద్ గారూ చెప్పలేదు.

పదో రోజున మబ్బు పట్టింది. రాత్రంతా కురిసి, తెల్లారినా తెరిపివ్వలేదు. సుప్రియ వంతులో ఆఖరిది వెంకటరాజు గారి చెరువు. రోడ్డు మీంచి కిలోమీటరున్నర మట్టి గట్టు. స్కూటీ వెళ్ళదు, నడిస్తే పిక్కల దాకా బురద. మలుపులో టీ కొట్టు రేకు కింద నిలబడి ఆమె ఆ గట్టు వైపు చూసింది. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచింది. నిన్న నాలుగు పాయింట్ ఎనిమిది, మొన్నా అంతే. ఇవాళా అదే వేసి పంపించింది. ఒక్కరోజే కదా అనుకుంది. మనిషి దారి తప్పేటప్పుడు అనుకునే మొదటి మాట అదే.

మర్నాడూ ముసురే. ఆ మర్నాడూ అంతే. మబ్బు పట్టినన్నాళ్ళూ నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుందని రైతులకి చెప్పేది తనే. అయినా మూడు రోజులూ నాలుగు పాయింట్ ఎనిమిదే వేసింది. సంచి కుడి భుజం కోసేస్తుంటే ఎడమ భుజానికి మార్చుకుంది.

పన్నెండో రోజు మధ్యాహ్నం సత్యప్రసాద్ గారు ఫోను చేశారు. "షాపతను రేపొస్తాడు. నీ రిపోర్టు సాయంత్రానికి కావాలమ్మా."

బరువు దగ్గర ఏం రాయాలో తోచక, దారిలో ఉన్న రొయ్యలు కొనే షెడ్డు దగ్గర ఆగింది. అక్కడ కాటా వేసేది శ్యాంబాబు.

"అన్నయ్యా, దీన్ని కాస్త తూస్తావా?"

"ఏంటమ్మా ఇది, కేజీకి ఎన్ని కౌంటు? తలకాయ తీసి తూయాలా, తలతోనా?" అంటూ నవ్వుతూ అందుకున్నవాడు, చేతులు కిందికి లాగేసరికి రెండో చెయ్యి కూడా వేశాడు. కాటా మీద ఎర్ర అంకెలు ఆగాయి. ఏడు కేజీల నాలుగొందలు.

"కేజీ నూట ఎనభై అని వేసుంది డబ్బా మీద" అంది సుప్రియ.

"డబ్బా మీద సరిగానే వేశారు. ఇందులో రాసేదెవరు?"

"నేనే."

"ఇంకెవరూ ముట్టుకోరా?"

"ముట్టుకోరు."

శ్యాంబాబు నవ్వడం మానేశాడు. "మా మేనమామ దొంగ లెక్కల పుస్తకం అటక మీంచి దించడానికి నలుగురం పట్టాం. అది ముప్ఫై ఏళ్ళు రాసిన పుస్తకం. నువ్వు ఈ నాలుగు రోజుల్లోనే ఏం రాశావు తల్లీ?"

సుప్రియ ఎర్ర అంకెల వైపు చూసింది. కేజీ నూట ఎనభై అని రిపోర్టులో వేస్తే అది ఇంకో అబద్ధం. ఏడు కేజీల నాలుగొందలని వేస్తే, ఎందుకని అడుగుతారు. ఐసు పెట్టె మీద కూర్చుని, ల్యాప్‌టాప్‌ని కాటా మీదే ఉంచి, ఆ మూడు అంకెలూ వెతికి చెరిపేసింది. చెరిపితే తగ్గుతుందనుకుంది. ఎర్ర అంకెలు ఏడు తొమ్మిదొందలకి వెళ్ళాయి. చూస్తుండగానే ఎనిమిది దాటాయి.

"ముట్టుకోకపోయినా పెరుగుతోందేంటి అన్నయ్యా?"

"రాసినప్పుడు కొంచెమే పెరుగుతుంది. ఆ రాసినదాన్ని నమ్మి ఎక్కడో ఎవరో ఏదో చేస్తుంటే ఇలా లాగుతుంది. ఎవరికి పంపావు?"

వెంకటరాజు గారికి ఫోను చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎనిమిది కేజీల ఆరొందలు. ల్యాప్‌టాప్‌ని కాటా మీదే వదిలేసి, మీటరు తీసుకుని స్కూటీ ఎక్కింది. మలుపులో బండి పడేసి, చెప్పులు విడిచి, ఆ కిలోమీటరున్నర బురదలో పరిగెత్తింది.

చెరువు మీద ఫ్యాన్లు ఒక్కటీ తిరగడం లేదు. గట్టు వార రొయ్యలు మూతులు పైకి పెట్టి, మత్తుగా, గుంపులు గుంపులుగా తేలి తిరుగుతున్నాయి. పాకలో వెంకటరాజు గారు క్యారేజీ విప్పుకుని భోంచేస్తున్నారు.

"రండమ్మా రండి, వర్షంలో వచ్చారేంటి? ముద్ద తిందురుగాని" అన్నారాయన. అరవై ఏళ్ళ మనిషి, చిన్నపిల్లల్ని కూడా మీరనే అంటారు.

"ఫ్యాన్లు ఆపేశారేంటండి?"

"కరెంటు లేదు కదండి. మీరు నాలుగు పాయింట్ ఎనిమిదని పంపారు, సాయంత్రం దాకా పర్లేదని డీజిల్ ఇంజను ఆపించాను."

సుప్రియ మీటరు నీళ్ళలోకి దించింది. ఒకటి పాయింట్ తొమ్మిది. మూడుకి తగ్గితేనే రొయ్యకి ఊపిరాడదు.

"రాజు గారండి, ఆ అంకె నేను చూసి వేసింది కాదండి. మూడు రోజులుగా నేనసలు ఇటు రాలేదండి."

ఆయన చేతిలో ముద్ద క్యారేజీలో పెట్టేశారు. చెయ్యి కడుక్కోలేదు. ఇంజను దగ్గరికి పరిగెత్తారు. ఆమె పాకలో ఉన్న ఆక్సిజన్ మాత్రల బస్తా ఈడ్చుకొచ్చి, నడుం లోతు దిగి చల్లింది. ఫ్యాన్లు తిరిగాయి. రెండు గంటల తర్వాత తేలిన రొయ్య కిందికి దిగడం మొదలుపెట్టింది. అడుగున వల లాగితే చచ్చినవి పాలిపోయి వచ్చాయి. సగం చెరువు పోయింది.

వెంకటరాజు గారు తిట్టలేదు. వల వైపే చూస్తూ, "రావడం కుదరలేదని ఒక్క ఫోను చేసుంటే మేమే చూసుకునేవాళ్ళం కదండి" అన్నారు. అప్పుడు కూడా మీరనే పిలిచారు. నువ్వని తిట్టి ఉంటే బావుండుననిపించింది సుప్రియకి.

సాయంత్రం షెడ్డుకి వచ్చేసరికి కాటా మీద రెండు కేజీలుంది. నిలబడే రిపోర్టు రాసింది. బ్యాటరీ, తెర, కీలు అన్నీ వేసి, చివర్లో ఇలా రాసింది: "మొదటి తొమ్మిది రోజులు బరువు కేజీ నూట ఎనభై. తర్వాత మూడు రోజులు నేను వెంకటరాజు గారి చెరువు చూడకుండా అంకెలు వేశాను. పన్నెండో రోజు బరువు ఎనిమిది కేజీల ఆరొందలు. సగం చెరువు పోయింది. తప్పు మిషనుది కాదు. రోజూ వాడుకోవడానికి ఇది పనికొస్తుంది."

ఆఖరి మాట కొట్టేసరికి ఎర్ర అంకెలు కేజీ నూట ఎనభై దగ్గర ఆగాయి. చచ్చిన రొయ్యలు మాత్రం బతకలేదు.

సత్యప్రసాద్ గారు అది రెండుసార్లు చదివారు.

"ల్యాబు పేరేమవుతుందమ్మా? ఆ నాలుగు ముక్కలూ తీసెయ్. బరువు కేజీ నూట ఎనభై అని వెయ్. ఇప్పుడంతే ఉంది కదా, అది అబద్ధమేం కాదు. బ్రాంచి సంగతి నేను మర్చిపోలేదు."

"తీసేస్తే అంత ఉండదండి" అంది సుప్రియ.

ఆయన పెద్ద కంప్యూటరు వైపు చూశారు. గచ్చులోకి దిగిన బల్ల కాళ్ళ వైపు చూశారు. రిపోర్టు మడిచి పక్కన పెట్టి అన్నారు: "మోసుకు తిరిగే మిషన్లు మన పనికి సరిపడవు. కొనను. నువ్వు కూడా రేపట్నించి రానక్కర్లేదు."

ఆ నెల జీతం బదులు ఆ ల్యాప్‌టాప్ ఇమ్మంది. ఆయన షాపతనికి దాని డబ్బు కట్టేసి, వదిలించుకున్నట్టు ఇచ్చేశారు.

మర్నాడు తెల్లారేసరికి సుప్రియ వెంకటరాజు గారి గట్టు మీదుంది. పిలవలేదు ఎవరూ. మిగిలిన సగం చెరువులో రొయ్యలు పట్టి అమ్మేదాకా రోజూ వెళ్ళింది, ఏమీ తీసుకోలేదు. ఆయన పలకరించేవారు కాదు. ఆమె అంకె వేశాక చెయ్యి చాపేవారు. ఆమె ల్యాప్‌టాప్ ఆ చేతిలో పెట్టేది. ఆయన అరచేతిలో రెండుసార్లు ఎగరేసినట్టు బరువు చూసుకుని, తిరిగిచ్చి, ఆ తర్వాతే ఫోను తీసి అంకె చూసుకునేవారు. అది చూసి పక్క చెరువు వాళ్ళు పిలిచారు. తర్వాత వాళ్ళ పక్కవాళ్ళు.

ఇప్పుడు ఆమె చేతిలో ఏడు చెరువులున్నాయి. ఏ రైతూ ముందు అంకె అడగడు. చెయ్యి చాపుతాడు. చూసి రాసిన రోజున కూడా, ఆ చెయ్యి పైకి లేచేదాకా సుప్రియ ఊపిరి తీసుకోదు.