గాలి గొట్టానికి కట్టిన రుమాలు

మొండయ్యకు కార్ల గురించి ఏమీ తెలియదు. ముప్పై ఒక్క ఏళ్లు మందమర్రి గనిలో బొగ్గు ఎత్తిన మనిషి. భూమి లోపలి సంగతులు అడిగితే చెప్తాడు గానీ, భూమి మీద తిరిగేవాటి జోలికి ఎన్నడూ పోలేదు. అయినా ఆ రోజు కంపెనీ క్వార్టర్ ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కొడుకు సంపత్ తన ఎర్ర కారు బానెట్ ఎత్తి పని చేస్తుంటే, పెద్ద ఇంజనీరు తనిఖీకి వచ్చినట్టు కూర్చున్నాడు.

సంపత్ లోపలి నుంచి ఒక నల్ల డబ్బా ఊడదీసి కింద పెట్టాడు.

"మంచిగున్నదాన్ని ఎందుకు పీకవడ్తివిరా?"

"ఇంజను గాలి వీల్చేది గీ డబ్బలకెల్లే బాపూ. సప్పుడు బయటికి రావద్దని కారు జేసినోళ్లు గిట్ల మూసిపెడ్తరు. ముక్కు వట్టుకొని ఉరుకుమన్నట్టుంటది దాని బతుకు."

డబ్బా ఉన్నచోట తను చేసిన అల్యూమినియం గొట్టం బిగించాడు. దాన్ని నాలుగు నెలలు, గనిలో షిఫ్టు దిగి వచ్చాక, కొలిచి, కోసి, వంచి, అతికి తయారుచేశాడు. గొట్టం జానెడు పొడుగైతే చప్పుడు మొద్దుబారుతుందట, బెత్తెడు తగ్గితే ఈల వేస్తుందట. తిన్నాడో లేదో గానీ గొట్టం మాత్రం ఏడుసార్లు మార్చాడు. దాని చివర ఎర్రటి ఫిల్టరు తగిలించాడు. దానికి మూత లేదు, డబ్బా లేదు, గాలికి నోరు తెరుచుకుని ఉంది.

తర్వాత కారు స్టార్ట్ చేసి రేసు ఇచ్చాడు. ఇంజను గాలిని గుండెల నిండా లాక్కుంది. అంత లోతుగా, అంత హాయిగా ఊపిరి తీసే చప్పుడు మొండయ్య విని ఏళ్లయింది. నాలుగు మెట్లెక్కితే ఐదో మెట్టు మీద కూర్చునే మనిషికి ఒక క్షణం ఆ ఇంజను మీద అసూయ పుట్టింది. సిగ్గేసి తల దించుకున్నాడు. మళ్లీ ఎత్తేసరికి కొడుకు నవ్వుతున్నాడు. గనిలో చేరిన ఈ నాలుగేళ్లలో వాడు అలా నవ్వగా చూడలేదు.

కారు వట్టి మోజే అయితే ఇంట్లో ఏ గొడవా లేకపోయేది. కరీంనగర్‌లో కరుణాకర్ అనే ఆయనకు పెద్ద షెడ్డు ఉంది. కుర్రకారు వేగం కోసం కొనుక్కునే కార్లకు గొట్టాలూ సైలెన్సర్లూ మార్చి గొంతు తెప్పించడం ఆయన పని. షెడ్డంతా చూసుకునే పెద్ద మెకానిక్ కోసం వెతుకుతున్నాడు. "వచ్చే ఆదివారం ఊరి బయట గ్రౌండ్‌ల బండ్లన్నీ కలుస్తయి, నీ చేతిపని పట్టుకొని రా" అని సంపత్‌కు కబురు చేశాడు. ఆయనకు నచ్చితే సంపత్ గని ఉద్యోగం వదిలి కరీంనగర్ వెళ్లిపోతాడు.

మొండయ్యకు మింగుడుపడనిది అదే. ఆ ఉద్యోగం ఆయన ఊపిరితిత్తులు ఇచ్చి తెచ్చింది. ఛాతీ నిండా బొగ్గు దుమ్ము పేరుకుపోయి, ఇక పనికిరాడని డాక్టర్లు మెడికల్ అన్‌ఫిట్ రాస్తే, ఆయన జాగాలో కొడుకును తీసుకున్నారు. ఆ ఊళ్లో ఆ కాగితం కోసం తండ్రులు దేవుళ్లకు మొక్కుకుంటారు. నీ రొమ్ము పాడైందన్న మాట అక్కడ శుభవార్త. మొండయ్య ఆ రోజు దగ్గుకుంటూ వాడంతా తిరిగి మిఠాయి పంచాడు.

"నా పానం కరాబైతే వచ్చిన నౌకరిరా అది. దాన్నెట్ల ఇడిసిపెడ్తవ్?" అని ఎన్నిసార్లన్నాడో.

"లోపలికి దిగంగనే నాకు దమ్మాడది బాపూ. నాలుగేండ్లాయె, ఇంక అలవాటు గాలే" అని సంపత్ అన్నిసార్లూ ఒకే జవాబు చెప్పాడు.

ఒకరోజు మొండయ్య భార్య లస్మవ్వతో "గా కరీంనగరాయన వద్దంటే బాగుండు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు సంపత్ కిటికీ అవతల నల్లా దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. విన్నాడు. విన్నట్టు మొండయ్యకూ తెలుసు. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోలేదు.

కానీ ఆ ఇంజను చప్పుడు విన్నాక, కొడుకు నవ్వు చూశాక, మొండయ్య మనసు మెత్తబడింది. పోనీ, వాడి దారిన వాణ్ని పోనిద్దాం అనుకున్నాడు. అనుకున్నాడు గానీ పైకి అనలేదు. తండ్రులకు ఇదొక రోగం. తిట్టేది వంద ఇళ్లకు వినబడేలా తిడతారు, ఒప్పుకునేది మాత్రం కడుపులోనే దాచుకుంటారు.

ఆదివారం సంపత్ బయల్దేరుతూ "బాపూ, నువ్వు గూడ రారాదు" అన్నాడు. మొండయ్య ఆ మాట కోసమే తెల్ల చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు.

గ్రౌండ్ అంటే ఏదో అనుకున్నాడు. తీరా చూస్తే ఎర్రమట్టి బీడు. ఇరవై పాతిక కార్లు, వాటి చుట్టూ ఫోన్లు పట్టుకున్న పిల్లలు. ఒక్కో కారు గిర్రున తిరిగితే దుమ్ము తాటిచెట్టంత ఎత్తు లేస్తోంది. సంపత్ ఇంజను చల్లారడానికి బానెట్ ఎత్తిపెట్టి, పేరు చెప్పి రావడానికి కరుణాకర్ దగ్గరికి వెళ్లాడు. మొండయ్య కారు దగ్గరే నిలబడ్డాడు. నోరు తెరుచుకున్న ఆ ఎర్ర ఫిల్టరు మీద దుమ్ము పొరలు పొరలుగా పడుతోంది.

ఆయన ప్రాణం చివుక్కుమంది. దుమ్ము ఏం చేస్తుందో ఆయనకంటే ఎవరికి తెలుసు? గనిలో బొగ్గు పేల్చాక లేచే దుమ్ములోకి దిగేటప్పుడు రుమాలు తడిపి, ముక్కూ నోరూ కప్పి, వెనక రెండు ముడులు వేసుకుంటారు. దుమ్ము ఆగుతుంది, ఊపిరి ఆడుతుంది. ఆయనకు మొదటి రోజు నేర్పిన పని అదే. తొందరలో, ఉక్కలో కట్టుకోకుండా దిగిన రోజులే ఎక్కువ. వాటి ఫలితమే ఇవాళ్టి దగ్గు.

భుజం మీది రుమాలు తీసి, సీసాలో నీళ్లతో తడిపి, పిండి, ఫిల్టరుకు రెండు చుట్లు చుట్టాడు. జారకుండా రెండు ముడులు వేశాడు. బానెట్ తనే మూశాడు. కొడుకు పడ్డ ఆ నాలుగు నెలల కష్టంలో తన చెయ్యి కూడా ఒకటి పడిందని ఎంత సంబరపడ్డాడో చెప్పలేం. సంపత్ వచ్చాక చెప్దామని చాయ్ బండి నీడకు పోయి స్టూలు మీద కూర్చున్నాడు. ఈలోపే సంపత్‌ను పిలిచారు. వాడు పరుగున వచ్చి కారెక్కాడు.

కరుణాకర్ చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. సంపత్ రేసు ఇచ్చాడు. ఇంజను ఒకసారి ఎగపోసి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉక్కిరిబిక్కిరై, ఆగిపోయింది. మళ్లీ ఇచ్చాడు. మళ్లీ అంతే. "అన్నా, బండికి దమ్ము రోగమున్నట్టుంది, దవాఖానల ఎయ్యి" అని ఎవడో అరిచాడు. గ్రౌండంతా గొల్లుమంది.

తడి రుమాలే గాలి ఆపేసిందని మొండయ్యకు అప్పుడు అర్థమైంది. లేచి ఉరికాడు. నాలుగడుగులు వేశాడో లేదో దగ్గు తెర కమ్ముకుని, చాయ్ బండి పట్టుకుని వంగిపోయాడు. ఆ నీళ్లు నిండిన కళ్లతోనే చూశాడు. సంపత్ బానెట్ ఎత్తాడు. జనానికి వీపు చేసి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ముడులు విప్పాడు, రుమాలు ఉండచుట్టాడు, కరుణాకర్‌తో ఏదో చెప్పాడు. మళ్లీ కారెక్కి స్టార్ట్ చేశాడు.

ఈసారి వచ్చిన చప్పుడుకు నవ్వినవాళ్లంతా నోళ్లు మూశారు. ఫోన్లన్నీ ఇటు తిరిగాయి. హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాడు మొండయ్య. కరుణాకర్ సంపత్ భుజం తట్టి రెండు ముక్కలు మాట్లాడి వెళ్లిపోయాడు. సంపత్ వచ్చి, "పోదాం పా బాపూ" అన్నాడు.

దారిలో సుల్తానాబాద్ కనబడ్డాక మొండయ్యే మొదలుపెట్టాడు.

"నేనే గట్టిన బిడ్డా. దుమ్ము వోతదని..."

"తెల్సు."

"పని అయ్యిందా మరి?"

"కాలే."

"మల్ల సప్పుడు మంచిగనే వచ్చె గదా. ఎందుకు వద్దన్నడు?"

"ఏమో బాపూ. వద్దన్నడు."

వాడి చూపు రోడ్డు మీద నుంచి పక్కకు తిరగలేదు. 'వద్దంటే బాగుండు' అన్న తన మాట మొండయ్య చెవిలో గింగురుమంది. కొడుకు కూడా దాన్నే తలుచుకుంటున్నాడా? కావాలని చేశాననుకుంటున్నాడా? అడగబోయి కిటికీ వైపు తిరిగాడు.

ఇంటికొచ్చి లస్మవ్వకు జరిగింది చెప్పాడు. ఆమె మొగుడి మొహంలోకి చూసి, "నిజంగ దుమ్ముకోసమే గట్టినవా?" అని అడిగింది. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషే ఆ మాట అడిగాక ఇంకెవరు నమ్ముతారు? మొండయ్య ఆ పూట అన్నం ముట్టలేదు.

సంపత్ మాత్రం ఒక్క పొల్లు మాట అనలేదు. అంతకుముందు నెలకు నాలుగు రోజులు డ్యూటీ ఎగ్గొట్టేవాడు, ఇప్పుడు ఒక్క రోజూ మానడం లేదు. రెండు వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం బానెట్ ఎత్తి, తన గొట్టం ఊడదీసి, పాత నల్ల డబ్బా తిరిగి బిగించాడు. తర్వాత ఆ కారు వచ్చిందీ పోయిందీ ఇంట్లోవాళ్లకు తెలిసేది కాదు. కొడుకు వేళకు డ్యూటీకి పోవడం మొండయ్య నాలుగేళ్లుగా కోరుకున్నదే. ఇప్పుడు అది కళ్ల ముందు జరుగుతుంటే చూడలేకపోయాడు.

నెల తిరిగాక ఒక బుధవారం, దవాఖానకని చెప్పి కరీంనగర్ బస్సెక్కాడు. ఇద్దరు ముగ్గుర్ని అడిగి షెడ్డు పట్టుకున్నాడు. కరుణాకర్ కుర్చీ వేశాడు, నీళ్లు తెప్పించాడు. మొండయ్య ఆయాసం తీరేదాకా ఆగి, చేతులు జోడించాడు.

"సారూ, గా దినం ఫిల్టర్‌కు రుమాలు గట్టింది నేను. నా కొడుకుకు ఎర్కనే లేదు. తప్పు నాది."

కరుణాకర్ తెల్లబోయాడు. "నువ్వు గట్టినవా కాకా? మరి ఆయన గట్ల చెప్పలే. పొద్దుగాల ఫిల్టర్ తుడిసి, బట్ట అండ్లనే మర్సిపోయిన, తప్పు నాదే అన్నడు."

మొండయ్య జోడించిన చేతులు దించాడు.

"గసొంటి చెయ్యి నేను మల్ల చూడలే కాకా. సప్పుడు గిప్పటికీ నా చెవుల్ల ఉన్నది. గానీ ఇంజన్ల బట్ట మర్సిపోయేటోనికి షెడ్డు ఎట్ల అప్పజెప్త జెప్పు? నడిరోడ్డు మీద బండి ఆగితే మనుషుల పానాలు వోతయి. మా బాపు గట్టిండు అని ఒక్క ముక్క చెప్పినా నవ్వుకొని ఇడిసిపెడ్తుంటి."

"గిప్పుడన్న తీస్కో సారూ. నీ కాల్మొక్త."

"అయ్యో, గట్లనకు." కరుణాకర్ తల దించుకున్నాడు. "పోయిన వారమే జగిత్యాలాయన్ని పెట్టుకున్న. ఇల్లు ఖాళీ జేసుకొని పిల్లలతోటి వచ్చిండు. ఆయన్ని ఎట్ల పొమ్మంట?"

తిరుగు బస్సులో మొండయ్య కిటికీకి తల ఆనించి ఏడ్చాడు. పక్క సీటామె నీళ్ల సీసా ఇస్తే వద్దన్నాడు.

ఇంటికొచ్చేసరికి సంపత్ షిఫ్టు దిగి, స్నానం చేసి, అన్నం తింటున్నాడు.

"మందులు రాసిండ్రా బాపూ?"

"నేను దవాఖానకు పోలే. కరుణాకర్ తానకు పోయిన."

సంపత్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"నా పేరు ఎందుకు చెప్పలేరా?"

"ఆడున్నోళ్లంత నవ్వవట్టిరి. నువ్వు ఆడ చాయ్ బండి పట్టుకొని దగ్గుతున్నవ్. మా బాపు గట్టిండంటే అందరు నీ దిక్కు తిరిగి నవ్వుదురు. నాకు ఓర్వబుద్ధి గాలే."

మొండయ్య కొడుకు పక్కన నేల మీద కూలబడ్డాడు. నెల రోజులుగా గొంతులో అడ్డం పడ్డ ప్రశ్న ఇప్పుడు బయటికి వచ్చింది.

"నేను కావాల్నని జేసిన్ననుకున్నవా?"

సంపత్ అబద్ధం చెప్పలేదు. "అనుకున్న."

"అనుకొని గూడ నీ మీదేసుకున్నవా?"

"కావాల్నని జేసినా నువ్వు నా బాపువే గదా."

గోడవతల గిన్నెలు తోముతున్న లస్మవ్వ చప్పుడు ఆగిపోయింది. మొండయ్య కొడుకు మోకాలు పట్టుకున్నాడు. "కాదు బిడ్డా, ఒట్టు. నీ ఇంజను సప్పుడు ఇన్న దినమే నేను మెత్తవడ్డ. పోనీ, వాడు పోయి వాని పని జేసుకోనీ అని గప్పుడే అనుకున్న మనసుల."

"మనసుల అనుకున్నవా?" సంపత్ తండ్రి ముఖంలోకి చూశాడు. వాడి కళ్లు నిండాయి. "జర నోటితోటి అంటే ఎంత బాగుండు బాపూ. నువ్వు అవునంటవేమో అని నాలుగేండ్లు జూసిన."

"గిప్పుడంటున్న. నౌకరి ఇడిసిపెట్టు. పో బిడ్డా, పో."

"ఏడికి పోవాలె?"

సంపత్ కోపంగా అడగలేదు, నిజంగానే అడిగాడు. లస్మవ్వ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, ఇద్దరి మధ్యా కూర్చుని, కొడుకు కంచంలో ఇంకో ముద్ద అన్నం పెట్టింది. వాడికి తెల్లారి మొదటి షిఫ్టు.